బూటు అరిగింది, డబ్బులిచ్చేయండి!

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఎల్.ఎల్.బీన్ వ్యాపారం 1912లో మొదలైంది. అమ్మిన తొలి 100 జతల బూట్లలో 90 కుట్లూడి వెనక్కొచ్చాయి. ఆసామి కిక్కురుమనకుండా డబ్బు తిరిగిచ్చాడు. ఆ పేరుతోనే కంపెనీ వందేళ్లు బతికింది. నచ్చకపోతే ఎప్పుడైనా తెచ్చేయండి అంది.

'ఎప్పుడైనా' అన్నారు కదా! జనం ఏళ్ల తరబడి తొడిగి, అడుగు అరిగిపోయాక తెచ్చారు. ఇంకొందరు మరీ ఘనులు. పాత సామాన్ల అమ్మకంలో చవగ్గా కొన్నవి కూడా పట్టుకొచ్చి డబ్బులడిగారు. 2018లో కంపెనీ దణ్ణం పెట్టేసి, ఏడాదే గడువంది. అన్యాయమంటూ కోర్టుకెక్కినవాళ్లూ ఉన్నారు, పాపం!

అక్కడి దుకాణాల సంస్థ కాస్ట్‌కో ముందే మేలుకొంది. మిగతా సరుకుల సంగతెలా ఉన్నా టీవీల వాపసుకు 90 రోజులే గడువంది. ఈలోగా కొత్త టీవీలో ఆటల సీజన్ ఒకటి హాయిగా చూసేసి వెనక్కివ్వొచ్చనుకోండి.

మన దగ్గర ఈ బెడద లేదు. బిల్లు అడుగున 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని ఉంటుంది, చీమ తలకాయంత అక్షరాల్లో. కానీ లోపమున్న సరుకు వెనక్కి తీసుకోననడం అనుచిత వ్యాపారమని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. కావాలంటే ఆ చట్టం పుస్తకమే కొనండి. పేజీలు తక్కువైతే మాత్రం వాపసు అడక్కండి. బిల్లు చూసుకోండి.