ముందు ఎద్దు సంగతి చూడండి

ఉట్నూర్‌లో ఒక రిటైర్డ్ సారుకు కారు వెనక ఇల్లు తగిలించుకుని దేశం తిరగాలని బుద్ధి పుట్టింది. తప్పు ఆయనది కాదు, డాలస్‌లో ఉన్న కొడుకు పంపిన ఫోటోలది. రెండు చక్రాల తెల్లటి ట్రైలర్, లోపల మంచం, పొయ్యి, సింకు, మూలన మరుగుదొడ్డి. మేడంకు నచ్చింది ఆ చివరిదొక్కటే. చుట్టాల పెళ్లిళ్లకు పోయినప్పుడల్లా ఆమె పడ్డ తిప్పలు ఆమెకే తెలుసు.

సారుకు ఉన్నది ఆల్టో. దాన్ని వెల్డింగ్ షాపు ముందు ఆపి, ఫోన్లో ఫోటో చూపించి, "గిసొంటి డబ్బా చేస్తవా తమ్మీ?" అని అడిగారు. వెల్డర్ ఫోటో చూశాడు, ఆల్టో చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"చేస్త సారూ. గని ఏది దేన్ని గుంజుతదో ముందుగాల తేల్చుకోర్రి."

హాస్యమాడాడని సారు అనుకున్నారు గానీ, ట్రైలర్ శాస్త్రమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. బ్రిటన్‌లో కారవాన్ లాగడం కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఒక లెక్క చెబుతారు: ట్రైలర్ సామానుతో సహా కారు బరువులో 85 శాతం దాటకూడదు. ఆల్టో కె10 బరువు దాదాపు 750 కిలోలు. అంటే డబ్బా, పరుపు, గ్యాస్ బండ, మేడం పచ్చడి జాడీలు అన్నీ కలిపి 640 కిలోల లోపే సర్దుకోవాలి. అదీ ఆ కారు కంపెనీ లాగడానికి ఒప్పుకుంటేనే. 85 శాతమనేది జాగ్రత్త కోసం పెట్టుకున్న లెక్క, కంపెనీ ఇచ్చిన అనుమతి కాదు.

అంత తేలికైనవి లేకపోలేదు. అమెరికాలో 1970ల నుంచి తయారవుతున్న స్కాంప్ అనే 13 అడుగుల ఫైబర్‌గ్లాస్ ట్రైలర్ ఉంది. అందులో సాదా రకం ఖాళీగా 700 కిలోల లోపే తూగుతుంది. అయితే సాదా రకంలో మరుగుదొడ్డి ఉండదు, కావాలంటే ధరా పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. ఈ సంగతి తెలిశాక మేడం ఫోటోలు చూడటం మానేశారు.

బ్రోషర్‌లో రాసేది ఖాళీ బరువు. పెళ్లిచూపుల్లో చెప్పే జీతం లాగా, అది అబద్ధం కాదు గానీ సంసారానికి పనికొచ్చే లెక్కా కాదు. వంద లీటర్ల నీళ్లు పోస్తే వంద కిలోలు అక్కడికక్కడే పెరుగుతాయి. డాలస్ కొడుక్కి ఉన్నది సియెన్నా వ్యాన్. అది 3,500 పౌండ్లు, అంటే సుమారు 1,590 కిలోలు లాగుతుంది. కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, అత్తామామలు, సోనామసూరి బస్తా, రైస్ కుక్కర్ వ్యాన్లోకి ఎక్కాక ఆ అంకెకు అంత భరోసా ఉండదు. ట్రైలర్ ముందు భాగం కొక్కెం మీద మోపే బరువును కూడా వ్యాన్ మోసే బరువులోనే కలపాలి మరి.

ఆ కొక్కెం మీది బరువే అసలు కీలకం. అమెరికా లెక్కలో మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలి. అంతకంటే తక్కువైతే ట్రైలర్ వెనక ఊగడం మొదలుపెట్టి, వేగం పెరిగేకొద్దీ కారును కూడా ఊపేస్తుంది. ఎక్కువైతే కారు వెనక్కి కుంగి, ముందు చక్రాలకు రోడ్డు మీద పట్టు తప్పుతుంది.

ఇదంతా ఉట్నూర్ ఏజెన్సీకి కొత్త విద్యేమీ కాదు. ఏటా పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుంది. మెస్రం వంశస్థులు పిల్లాజెల్లాతో ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చి మర్రిచెట్ల కింద విడిది చేస్తారు. ఇప్పుడు జీపులూ ఆటోలూ ట్రాక్టర్లూ వస్తున్నాయి గానీ బండ్లు మాత్రం ఆగలేదు. రెండు చక్రాల బండి నింపేటప్పుడు బండి తోలేవాడు కాడిని రెండు చేతులా ఎత్తి చూస్తాడు. మరీ బరువుగా ఉంటే ఎడ్ల మెడలు పుండ్లు పడతాయని బియ్యం మూట వెనక్కి జరుపుతాడు. తేలిగ్గా పైకి లేస్తే మూట ముందుకొస్తుంది. శాతాలు ఏమీ లేవు, చేతులే తూకం.

వంటగదిని, నీళ్ల ట్యాంకును మోసుకొచ్చే పని కూడా వాళ్లకు లేదు. నీళ్లు జాతర దగ్గరే దొరుకుతాయి, వంశం వాళ్ల వంట గోవాడ్ అనే ఆవరణలో 22 పొయ్యిల మీద సాగుతుంది. పూజకు గోదావరి జలాన్ని హస్తలమడుగు నుంచి కాలినడకనే తెస్తారు, ఆ పనికి బండినే పిలవరు. ట్రైలర్ కంపెనీల ఇంజినీర్లు గ్రాము గ్రాముకూ పడే తాపత్రయం ఇక్కడ అవసరమే లేకుండా పోయింది.

మళ్లీ సారు కారు సంగతికొస్తే, ఘాట్ ఎక్కడం కంటే దిగడం కష్టం. కెరమెరి ఘాట్‌లో దిగేటప్పుడు వెనకున్న బరువు కారును ముందుకు తోస్తుంది. యూరప్‌లో 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి చేసింది ఇందుకే. మన దగ్గర 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్‌కూ రిజిస్ట్రేషన్ ఉండాలి. వెల్డింగ్ షాపులో ఇనుప గొట్టాలు అతికించి, పసుపు కుంకుమ పెట్టి రోడ్డెక్కిస్తామంటే కుదరదు.

సారు ఇప్పుడు పెద్ద బండి కొనాలా, చిన్న డబ్బాతో సరిపెట్టుకోవాలా అన్న చర్చలో ఉన్నారు. మేడం మాత్రం మంచి లాడ్జి చూడమంటున్నారు. ఆమెదే తెలివైన లెక్క.

అయినా కొనాలనుకునేవారికి ఒక్క మాట. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇంటిల్లిపాదినీ, ప్రయాణం సామాన్లనూ కారులో ఎక్కించి, పత్తి ట్రాక్టర్లు తూచే ధర్మకాంట దాకా తీసుకెళ్లండి. ఆ చీటీలో వచ్చిన అంకెను, కారు మాన్యువల్‌లో ఉన్న అంకెను పక్కపక్కన పెట్టుకుని చూడండి. ట్రైలర్ రంగు సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.