తలకెక్కిన పొత్తిగుడ్డ

నేనొక పొత్తిగుడ్డను. నా నేతను గూర్చి చెప్పదగినది స్వల్పము: పలుచని తెల్లని నూలు, చదరపు ఆకారము, అంతే. మీ యిండ్లలో నావంటిదానిని ఉచ్చగుడ్డ యందురు. బ్యూనస్ ఎయిరిస్ నగరమున నాకుండిన గౌరవమును అంతకు మించినది కాదు. దినమునకు ఆరుమార్లు తడిసి, ఉడుకునీట మునిగి, దండెముపై ఆరి, మరల తడియుటయే నా జీవితము. నా మూలనొకచోట పడిన పచ్చని మరక యే సబ్బునకును లొంగకపోగా, ఇల్లాలు పసివాని పిరుదుపై మెల్లగా చరచి నవ్విన దినము నాకిప్పటికిని జ్ఞాపకమే.

వాడు నడక నేర్చినంతనే నా యవసరము తీరినది. నా తోబుట్టువులన్నియు మసిగుడ్డలై చిరిగిపోగా, నేనొక్కదానను బీరువా యడుగున కలరా ఉండల నడుమ మిగిలితిని. ఇరువది యేండ్లు వాని గొంతు మారుటయు, వాడు స్నేహితులతో తెల్లవారువరకు వాదించుటయు తలుపుసందున వినుచు, ఒక్కసారియైనను నన్ను తాకడాయెనని వానిని కృతఘ్నుడని తిట్టుకొంటిని. ఆ తిట్టునకు నేటికిని సిగ్గుపడుచున్నాను.

1976 మార్చి 24న సైన్యము రాజ్యమును హరించెను. ఆ యేడే యొక రాత్రి బూట్ల చప్పుడు, తలుపు విరిగిన చప్పుడు, పిదప నిశ్శబ్దము. తల్లి ఠాణాలకును, సైనిక కార్యాలయములకును, మతగురువుల వాకిళ్లకును తిరుగగా, అంతట నొకటే జవాబు: అట్టివాడెవడును మాయొద్ద లేడు. చంపితిమనిన నేడ్చుటకొక దినమైన నుండెడిది. లేడనువారితో నేమి చేయవలెను? పత్రికలు వ్రాయలేదు. ఏదో చేసియే యుండునని పొరుగువారు కిటికీలు మూసికొనిరి.

1977 ఏప్రిల్ 30న, అట్లే మాయమైన బిడ్డలను వెదకుచున్న పదునలుగురు తల్లులు అధ్యక్షభవనము నెదుట ప్లాసా దె మాయో మైదానమున నిలిచిరి. గుంపుగా నిలువరాదు, కదలుడని పోలీసులు గద్దింపగా, వారు ఇద్దరిద్దరుగా చేతులు కలుపుకొని మైదానమధ్యమునందలి స్తంభము చుట్టు నడువసాగిరి, ఆజ్ఞను తు.చ. తప్పక పాటించుటయే ధిక్కారమైన విడ్డూరమది. అక్టోబరున లుహాన్ తీర్థయాత్రలో, ఆ జనసముద్రమున నొకరినొకరు గుర్తుపట్టుటకై, బిడ్డల పొత్తిగుడ్డలను తలకు కట్టుకొందమనుకొనిరి.

ఆ రాత్రి బీరువా తెరచుకొన్నది. ఆమె నన్ను ముక్కున కానించుకొని చాలసేపు నిలిచెను. కలరా ఉండల వాసన తప్ప నాలో మరేమియు మిగులకుండుట నేను చేసిన మహాపరాధము.

ఏలికలు మమ్ము పిచ్చివారనిరి. లోకమంతయు మానవహక్కుల దినమని యుపన్యసించు డిసెంబరు 10న, అదృశ్యులైనవారి పేర్లతో తల్లులు వేయించిన ప్రకటన పత్రికలో వెలువడిన నాడే, వారి నాయకురాలు అసుసేనా వియాఫ్లోర్‌ను ఎత్తుకొనిపోయిరి. సముద్రము ఒడ్డునకు చేర్చిన ఆమె యస్థులను గుర్తించుటకు 2005 వరకు పట్టినది. 1978 జూన్ 1, గురువారమున, ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల యారంభమును లోకము చూచుచుండగా, హాలెండు కెమెరాలు కొన్ని మైదానమున మావైపు తిరిగినవి. అదియే మాకు పెద్ద పండుగ.

ప్రతి గురువారము రాత్రి ఆమె నన్ను ఉతికి, ఆ పాత దండెముపైననే ఆరవేసెడిది. అంచున నీలిదారముతో వాని పేరు కుట్టెను. 1983లో సైనికులు గద్దె దిగిరి, వాడు రాలేదు. ఇప్పు డామెయు లేదు. నేను అద్దాలపెట్టెలో నున్నాను. చూడవచ్చినవారు నా మూలనున్న పచ్చని మరకను వ్రేలితో చూపి, పాతబడి వచ్చినదని తమలో తామనుకొందురు.