ఇంజను బంగారమండీ!

పాత పికప్పు ఆసామిని గుర్తుపట్టడానికి బండి చూడక్కర్లేదు, మాట వింటే చాలు. "ఇంకా నడుస్తోందా అండీ?" అని ఎవరైనా అడిగితే "ఇంజను బంగారమండీ!" అంటాడు. అడిగింది బండి సంగతి, చెప్పింది ఇంజను సంగతి. తలుపు మూయాలంటే కాస్త పైకెత్తి మోకాలితో ఒక్క పోటు పొడవాలనీ, ఖాళీ బండి కూడా డ్రైవరు వైపుకి ఒరిగే నిలబడుతుందనీ, గతుకొస్తే కేబిన్ ఒక తీరున, వెనక బాడీ ఇంకో తీరున ఊగుతాయనీ ఆయన చెప్పడు. అవేవీ బంగారం లెక్కలోకి రావు. భీమవరం, నరసాపురం వైపు రొయ్యల చెరువు గట్ల మీద ఇలాంటి ఆసాములకి కొదవలేదు. లోకం వీళ్ళని పిసినారులంటుంది. అది అన్యాయం. పిసినారి చేతిలోంచి డబ్బు రాలదు. ఈయన చేతిలోంచి వారం వారం రాలుతూనే ఉంటుంది, కాకపోతే చిల్లరగా రాలుతుంది. బాగుచేయించడమంటే ఈయన దృష్టిలో వడ్డీ లేని వాయిదాల మీద బండి కొనుక్కోవడం, అదీ తన బండినే, మళ్ళీ మళ్ళీ. ఈ పద్ధతిలో పైకి కనిపించేదానికన్నా తెలివి ఎక్కువే ఉంది. అయితే ఆ తెలివి బండిలో ఒక సగానికే పనికొస్తుంది. రెండో సగం దగ్గర ఆయన నిలువునా మునుగుతాడు.

పనికొచ్చే సగం కమాను కట్ట. వెనక ఇరుసు మీద ఒకదాని కింద ఒకటిగా పేర్చిన ఉక్కు పట్టీలే బండి వెనక బరువంతా మోస్తాయి. అన్నిటికన్నా పొడుగుది మెయిన్ పట్టీ, దాని రెండు కొసలూ గుండ్రంగా చుట్టి ఉంటాయి, ఆ చుట్టల్లో బుష్షులు. నడిమధ్య సెంటర్ బోల్టు పట్టీలన్నిటినీ గుచ్చి ఉంచుతుంది, యూ బోల్టులు కట్టని ఇరుసుకి బిగిస్తాయి. ఈ ఏర్పాటు మన ఆసామి కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. ఏదీ ఒక్కసారిగా పోదు, పోయేముందు కబురు పెట్టకుండా పోదు. బుష్షు అరిగితే గతుకు గతుక్కీ టక్కుమంటుంది. పట్టీలు అలిసిపోతే బండి ఒక పక్కకి వాలుతుంది. షాకాబ్జరు పోతే దాని ఒంటి మీద ఆయిలు జిడ్డు కడుతుంది, స్పీడు బ్రేకరు దాటాక కూడా బండి రెండు మూడుసార్లు తలాడిస్తుంది. ప్రతి జబ్బుకీ విడి మందుంది, విడి ధరుంది. ఈ నెల బుష్షులు, పై నెల ఒక పట్టీ, పంట చేతికొచ్చాక షాకాబ్జర్లు. "మొత్తం కట్ట మార్చేద్దామండీ" అని మెకానిక్ అంటే "ఇప్పటికి ఒక్క పట్టీ ఎక్కించవయ్యా, మిగతాది చూద్దాం" అంటాడు ఆసామి. పట్టీ ఎక్కగానే బండి వెనక భాగం రెండంగుళాలు లేస్తుంది. పెట్టిన డబ్బుకి ఫలితం అలా కంటికి కనిపిస్తుంటే ఆయన ఆనందం చెప్పనలవి కాదు. దారినపోయే వాళ్ళు కూడా గమనించాలని బండి వెనక భాగం రోడ్డు వైపుకి కనిపించేలా ఆపుతాడు. ఎక్కించిన పట్టీ ఖాళీ బండిని బల్లలా బిగదీస్తుందనీ, కమాను మింగాల్సిన దెబ్బని చాసిస్ మీదికి నెడుతుందనీ ఆయన ఆలోచించడు. వేడిచేసి వంపు పెట్టించిన పాత పట్టీకి సరైన పదును పట్టకపోతే అది నాలుగు లోడ్లకే మళ్ళీ చదునైపోతుంది. అప్పుడు ఇంకో వాయిదా. దానికీ ఆయన సిద్ధమే.

ఇంత తిప్పలెందుకు, ఫైనాన్సు మీద కొత్త బండి తెచ్చుకోవచ్చుగా అని చదువుకున్న బంధువులు అంటారు. కాగితం మీద వాళ్ళ లెక్క తప్పని అనలేం. అయితే ఆ కాగితంలో చెరువు లేదు. వనామి రొయ్య పట్టుబడికి రావాలంటే మూడు నాలుగు నెలలు పడుతుంది. ఆ మధ్యలో తెగులు తగలొచ్చు, తగలకపోయినా పట్టుబడి నాటికి ధర పడిపోవచ్చు. ఫైనాన్సు కంపెనీకి ఇవేమీ పట్టవు, నెల తిరిగేసరికి కిస్తీ కట్టాలి. మెకానిక్ అలా కాదు. వాడు క్యాలెండర్ చూడడు, మొహం చూస్తాడు. "పట్టుబడి అయ్యాక ఇస్తాలేవోయ్" అంటే నసుగుతూనే పానా అందుకుంటాడు. పైగా సరుకు సెకండ్ హ్యాండ్‌లో ఎప్పుడూ దొరుకుతుంది. 1960లలో మొదలైన విజయవాడ ఆటోనగర్‌లో విప్పేసిన బండ్ల కట్టలూ ఇరుసులూ తలుపులూ కుప్పలుగా పడి ఉంటాయి, వాటిలోంచి తన బండికి సరిపోయేది ఏరుకోవడం ఆసామికి తీర్థయాత్రతో సమానం. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి రాత్రికి ఒక్క షాకిల్ చేతబట్టుకుని దిగినా మొహంలో అలసట ఉండదు. అందుకని రాబడి ఒడిదొడుకులుగా ఉన్నవాడికి ఖర్చు కూడా అలాగే ఉండటం మేలన్న ఆయన సిద్ధాంతాన్ని ఎగతాళి చేయలేం. మన ఊళ్ళలో సగం వ్యవసాయం ఈ సిద్ధాంతం మీదే నడుస్తోంది.

చిక్కంతా తుప్పుతోనే. తుప్పుకి అరువు తెలీదు, వాయిదా తెలీదు, కబురు పెట్టడం అంతకన్నా తెలీదు. కేబిన్‌కీ చాసిస్‌కీ మధ్య రబ్బరు దిమ్మలుంటాయి. వాటి గుండా పోయే బోల్టులే కేబిన్‌ని కింద పట్టి ఉంచుతాయి. రొయ్యల ట్రేల మీద ఐసు కరిగి, ఉప్పు కలిసిన ఆ నీళ్ళు వెనక బాడీ సందుల్లోంచి చాసిస్ మీదికి కారతాయి. చెరువు గట్టు బురద నీళ్ళు దిగే రంధ్రాలని పూడ్చేస్తుంది. కేబిన్‌లో మ్యాట్ కింద తడి వేసవిలో కూడా ఆరదు. రబ్బరు గట్టిపడి బీటలిచ్చి చప్పిడి అయిపోతుంది, దాని చుట్టూ ఉన్న రేకు లోపల్లోపలే పొరలు పొరలుగా ఉబ్బుతుంది, ఎందుకంటే తుప్పుగా మారిన ఇనుము అసలు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. మ్యాట్ ఎత్తి పెడల్ దగ్గరి మూలలో స్క్రూడ్రైవరుతో పొడిస్తే అప్పడంలో దిగినట్టు దిగిపోతుంది. కానీ ఆ మ్యాట్ ఎత్తేదెవరు? ఆసామి ఎత్తడు. ఎత్తితే కనిపిస్తుంది, కనిపిస్తే ఖర్చు, అదీ ఒక్కసారిగా పెట్టాల్సిన ఖర్చు. తలుపు సరిగా పడకపోతే తలుపునే తిడతాడు, గొళ్ళెం మారుస్తాడు, కీలుకి వాషరు వేయిస్తాడు. కేబిన్ ఒక మూల కిందికి కుంగిందని చెబితే నమ్మడు. గేరు రాడ్డు ఫ్లోరు అంచుకి తగులుతుంటే ఫ్లోరునే కాస్త కోయిస్తాడు. ఇన్ని వైద్యాలు జరిగాక కూడా ఆయన మాట మారదు, ఇంజను బంగారమే.

అతుకు వేయించడం కూడా వాయిదాయే కదా, నాలుగు అతుకులతో నాలుగేళ్ళు నడిచిన బండ్లు లేవా అని ఆయన తరఫున ఎవరైనా వాదించవచ్చు. ఉన్నాయి. కానీ మంచి రేకు మీద వేసిన అతుకు వేరు, తుప్పు మీద వేసిన అతుకు వేరు. వెల్డింగ్ కుట్టు పట్టుకోవాలంటే కింద బతికున్న లోహం కావాలి. చచ్చిన రేకు మీద ప్లేటు అతికిస్తే వెల్డు అంచు వెంట కొత్త చిల్లు పడుతుంది, ప్లేటుకీ పాత రేకుకీ మధ్య నీళ్ళు చేరి హాయిగా కాపురం పెడతాయి. సరైన పనికి వరస వేరే ఉంది. బ్యాటరీ వైరు తీసేయాలి, డీజిలు గొట్టాలూ కరెంటు తీగలూ పక్కకి తప్పించాలి, కేబిన్ కింద చెక్క దిమ్మె పెట్టి జాకీతో ఒక్కో పక్కే లేపాలి, మెరిసే లోహం కనిపించేదాకా కోసేయాలి, మందం గల కొత్త ప్లేటుతో పీఠం కట్టి లోపలా బయటా ప్రైమర్ కొట్టాలి. రబ్బర్లన్నీ ఒకేసారి మార్చాలి. ఒకటి కొత్తదీ మూడు నలిగినవీ అయితే కేబిన్ మెలితిరిగి కూర్చుంటుంది. పాత బోల్టులు తిరగవు, విరుగుతాయి. పని మొదలయ్యాక "ఇప్పటికింతే చాల్లే" అనడానికి సందు లేదు, కేబిన్ గాల్లో ఉంటుంది. ఆసామికి ప్రాణం పోయినంత పని అవుతుంది. జీవితంలో ఆయన దేన్నీ సగంలో ఆపలేని స్థితికి తెచ్చుకోలేదు. అందుకే ఆ పని మాని నల్లరంగు డబ్బా కొంటాడు. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఏటేటా ఫిట్‌నెస్ చేయించాలి కాబట్టి ఆ రంగుకి ఏటా ఒక పండగ వస్తుంది. ఫిట్‌నెస్ ముందు రోజు చాసిస్ నల్లగా నిగనిగలాడుతుంది, చుట్టూ రేడియం స్టిక్కర్లు, అద్దం దగ్గర కొత్త నిమ్మకాయలు. పదిహేనేళ్ళు దాటిన బండ్లకి 2022 ఏప్రిల్ నుంచి ఫిట్‌నెస్ రుసుము పెంచారు. ప్రభుత్వం ఆ దెబ్బకి ఆయన బండి వదిలేస్తాడనుకుంది. ఆయన దాన్ని ఇంకో వాయిదా కింద జమ కట్టుకున్నాడు.

ప్రాణాలతో చెలగాటం కాదా అంటే, అవును, చెలగాటమే. దీనికి ఆయన తరఫున చెప్పడానికేమీ లేదు. విచిత్రమేమిటంటే ఆయన నిర్లక్ష్యపు మనిషి కాదు. సెంటర్ బోల్టు తెగి ఇరుసు పక్కకి జరిగితే బండి ఎండ్రకాయ నడక నడుస్తుందని ఆయనకి తెలుసు, యూ బోల్టులు బిగించిన నాలుగు రోజులకి మళ్ళీ పానా వేయించాలనీ తెలుసు, డ్రైవరు మరిచిపోతే కేకలేసి మరీ వేయిస్తాడు. చప్పుడు చేసే ప్రమాదాన్ని ఆయన కన్నబిడ్డలా చూసుకుంటాడు. చప్పుడు చెయ్యని ప్రమాదాన్ని గుర్తించాలంటే ముందు మొత్తం లెక్క ఒక కాగితం మీద రాయాలి, రాస్తే బండి నిలవదు. ఈ మధ్య ఆయనకి తుక్కు విధానం గురించి చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారు. అనుమతి ఉన్న కేంద్రంలో పాత బండి అప్పగిస్తే సర్టిఫికెట్టు ఇస్తారు, దాన్ని చూపించి కొత్త రవాణా బండి కొంటే మోటారు పన్నులో 15 శాతం దాకా రాయితీ ఇవ్వొచ్చని కేంద్రం 2021లో నిబంధన తెచ్చింది. ఆసామి అంతా శ్రద్ధగా విన్నాడు. బండి అక్కడికి ఎవరు తోలుకెళ్ళాలి, తూకం ఎలా వేస్తారు, డబ్బు ఎన్నాళ్ళకిస్తారు, అన్నీ వివరంగా అడిగాడు. చెప్పేవాళ్ళకి ఆశ కూడా పుట్టింది. చివరికి గొంతు తగ్గించి, తన మోడలు బండి ఏదైనా అక్కడ తుక్కుకి వచ్చి ఉంటే కేబిన్ మటుకు విడిగా అమ్ముతారేమో కనుక్కోమన్నాడు.