డబ్బాలు పెంచిన మేధావి

ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. తరంగాలు, పౌనఃపున్యాలు అంటూ బోర్డులు నింపినవాణ్ణి. అలాంటి నేను మా యూనివర్సిటీ సాంకేతిక సదుపాయాల కమిటీలో వెలగబెట్టిన నిర్వాకం వింటే నా పాత విద్యార్థులు నవ్వుతారు. నవ్వనీండి.

హాస్టళ్లలో వైఫై నత్తనడక నడుస్తోందని పిల్లలు గోల పెట్టారు. 'సిగ్నలిచ్చే డబ్బాలు పెంచితే సరి' అన్నాను. వరండాల నిండా బిగించేశాం. వద్దన్నది ఒక్కడే, కాంట్రాక్టు మీద పనిచేసే నెట్‌వర్క్ కుర్రాడు. "ముందు ఛానళ్లు చూద్దాం సార్" అన్నాడు. "పౌనఃపున్యం గురించి నువ్వు నాకు చెప్తావా?" అన్నాను. కమిటీ అంతా నవ్వింది.

2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి తొక్కుకోని ఛానళ్లు మూడే: 1, 6, 11. పక్కపక్క డబ్బాలు ఒకే ఛానల్లో ఉంటే వంతు కోసం కాచుకోవాల్సిందే. ఒక్క కుళాయి దగ్గర బిందెలు పెంచితే నీళ్లు పెరుగుతాయా? 5 గిగాహెర్ట్జ్‌లో ఛానళ్లు ఎక్కువే గానీ, గోడ అడ్డొస్తే అది ఇంకా తొందరగా నీరసపడుతుంది. పిల్లలుండేది గదుల్లో. నడుమ తొమ్మిదంగుళాల ఇటుక గోడ! చివరి బ్లాకుకైతే ఫైబర్ దండగని మామూలు ఈథర్నెట్ కేబులే లాగించాను. దాని హద్దు 100 మీటర్లు. ఆ బ్లాకు ఎంత దూరమో కొలిపించే ఓపిక కూడా లేకపోయింది నాకు.

తొందరెందుకంటే, మార్చి 31 లోపు ఖర్చు చూపకపోతే నిధులు మురిగిపోతాయి. పైగా డబ్బాలు కంటికి కనిపిస్తాయి, రిబ్బను కత్తిరించొచ్చు. యూపీఎస్ బ్యాటరీలు మార్పించామని ఎవరైనా ఫొటో దిగుతారా? మావి ఎప్పుడో చచ్చాయి. కరెంటు పోతే కొత్త డబ్బాలూ పాతవాటితో పాటే ఆరిపోయేవి.

చివరికి ఆ కుర్రాడే సగం డబ్బాలు ఆపేశాడు. మిగతావాటి పవర్ తగ్గించి, ఛానళ్లు పంచాడు. పైసా ఖర్చు లేదు. రాత్రిపూట కూడా వీడియో పాఠాలు ఆగకుండా నడిచాయి.

ఆ ఏడాది అతని కాంట్రాక్టు పొడిగించలేదు. పరికరాల పద్దులోంచి జీతం ఇవ్వడం కుదరదని నోట్ రాసింది నేనే.