మా ఊరి మీంచి పోయిన దండులు

ఇప్పటి సినిమాల్లో తెల్లదొరని గుర్తుపట్టడానికి కళ్ళజోడు కూడా అక్కర్లేదు. గుర్రం దిగీదిగకముందే ఎవణ్ణో ఒకణ్ణి కొరడాతో కొడతాడు. వచ్చీరాని తెలుగులో గదమాయిస్తాడు. ఆడపిల్లని చూసి వంకరగా నవ్వుతాడు. ఆఖరి రీలులో హీరో తన్నితే ఎగిరి గోడకి కొట్టుకుంటాడు. అంతే, సామ్రాజ్యవాదం ముగిసిందని హాల్లో లైట్లు వేసేస్తారు. వీడు ఇంత దూరం ఎందుకొచ్చాడు, వీణ్ణి ఎవడు పిలిచాడు, వీడి సిపాయిలకి జీతం ఎవడు ఇచ్చాడు? ఒక్క ముక్క ఉండదు. అడిగితే మా మనవడు, "ఫైటింగు సినిమాకి లెక్కలేటి తాతా?" అంటాడు.

లెక్కలే మరి. మా రోజుల్లో యుద్ధం కథ లెక్కతోనే మొదలయ్యేది.

నాది ఇచ్ఛాపురం. ఆంధ్రకి ఉత్తరాన ఆఖరి ఊరు. బాహుదా దాటి ఇంకాస్త పోతే ఒడిశా. అటు కొండలు, ఇటు సముద్రం, మధ్యలో సన్నటి దారి. గజపతుల దండు దక్షిణానికి దిగినా, దక్షిణం నుంచి రాయలవారి దండు ఎక్కినా, గోల్కొండ ఫౌజుదార్లు వచ్చినా, ఆ తరవాత ఫ్రెంచివాడూ ఇంగ్లీషు కుంఫిణీవాడూ వచ్చినా ఈ దారే గతి. ఇప్పుడు అదే దారిని నేషనల్ హైవే అంటున్నారు, పలాస జీడిపప్పు లారీలు నడుస్తున్నాయి. దండు నడిచే తోవలో కాపురం ఉన్నవాడికి యుద్ధం కథ ఒకలా వినపడుతుంది, హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని రాసేవాడికి ఇంకోలా వినపడుతుంది. నా సణుగుడంతా అక్కడే.

మా చిన్నప్పుడు అమ్మవారి సంబరాలకి జముకు వాయిస్తూ కథలు చెప్పే జముకులవాళ్ళు వచ్చేవారు. రాత్రి భోజనాలయ్యాక మొదలెడితే తెల్లారేది. బొబ్బిలి కథ ఎత్తుకున్నారంటే ముసలీ ముతకా కూడా కదిలేవారు కాదు. ఆ కథ కత్తితో మొదలవదు. ఫ్రెంచి బుస్సీ దొరకి నిజాము ఉత్తర సర్కార్లు రాసిచ్చిన దగ్గర మొదలవుతుంది. అది 1753 నాటి మాట. ఎందుకు రాసిచ్చాడయ్యా అంటే, నిజాముకి కాపలా కాసే ఫ్రెంచి సైన్యానికి జీతాలు చెల్లించాలి, ఖజానాలో డబ్బు లేదు, మీరే వసూలు చేసుకోండి అని. జీతాలకి శిస్తు కావాలి, శిస్తుకి జమీందార్లు కావాలి. విజయనగరం విజయరామరాజు దొర పక్కన చేరాడు. బొబ్బిలి రంగారావుకీ ఆయనకీ పొలాలకి పారే ఏటి నీళ్ళ దగ్గర పాత తగాదా. మధ్యలో దుబాసీ పని చేసి అటు మాట ఇటు, ఇటు మాట అటు మార్చడానికి హైదరు జంగు. ఇవన్నీ విన్నాక గానీ ఫిరంగి మోగదు. 1757 జనవరి 24న ఆ ఫిరంగి మోగేసరికి, ఇది ఎవడు పేల్చినా అగ్గి ఎవడు అందించాడో కథ విన్న గొల్లవాడికి కూడా తెలిసిపోయేది.

చదువుకున్నవాళ్ళూ ఈ కథని వదల్లేదు. దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రం రాశాడు. వేదం వెంకటరాయశాస్త్రిగారూ శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రిగారూ నాటకాలు కట్టారు. షేక్ నాజరు బుర్రకథగా చెబితే గుంటూరు నుంచి ఇక్కడిదాకా జనం ఊగిపోయారు. ఇక 1964లో సినిమా వచ్చింది. రంగారావుగా ఎన్టీ రామారావు, ఆయన రాణి మల్లమ్మగా భానుమతి, బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడిగా ఎస్వీ రంగారావు. టూరింగు టాకీసులో నేల టిక్కెట్టు కొనుక్కుని ఇసకలో కూర్చుని చూశాను. పాటలు ఎక్కువే, ఒప్పుకుంటాను. అయినా అందులో విజయరామరాజు ఉన్నాడు. బుస్సీ చెవిలో ఊదడం ఉంది. దొర పాపాత్ముడని చెప్పి ఇంటివాణ్ణి వదిలెయ్యలేదు. 1986లో తాండ్ర పాపారాయుడు వచ్చేసరికి కోట వెనక్కి జరిగి హీరో ముందుకొచ్చాడు. పేరులోనే తెలుస్తోంది కదా! పోనీ, కృష్ణంరాజుగారి గొంతు కోసం అదీ చూశాం.

ఒకటి మాత్రం చెప్పాలి. కోట పడిపోతుందని తేలగానే లోపల మగవాళ్ళు తమ ఆడవాళ్ళనీ పిల్లల్నీ తామే చంపేశారు. కుంఫిణీ చరిత్ర రాసిన రాబర్ట్ ఓర్మ్ కూడా ఇది రాశాడు. ఒక ముసలాయన రంగారావు పసికొడుకుని చేత్తో పట్టుకొచ్చి లా అనే ఫ్రెంచి అధికారి చేతికి అప్పగించాడని కూడా రాశాడు. సినిమాలవాళ్ళకి ఈ ఘట్టం దొరికితే పండగ. పసుపు, కుంకుమ, మంట, వెనకాల బృందగానం. మా జముకులాయన అక్కడ పాడేవాడు కాదు. జముకు కింద పెట్టి మామూలు మాటల్లో, ఎవరింట్లో ఎవరు పోయారో వరసగా చెప్పేవాడు, పంచాయతీలో జనాభా లెక్క చదివినట్టు. ఆడవాళ్ళు అక్కడ ఏడ్చేవారు. ఇప్పుడు హాల్లో అదే చోట ఈలలు వేస్తున్నారు. ఏం చూసి ఈల వేస్తారో నాకైతే బుర్రకెక్కదు.

యుద్ధమైన మూడో రాత్రి బొబ్బిలివాళ్ళు విజయరామరాజు డేరాలో దూరి ఆయన్ని పొడిచి చంపారు. ముప్ఫై రెండు గాయాలన్నాడు ఓర్మ్. కథలోనూ సినిమాల్లోనూ ఆ పని పాపారాయుడిది. అక్కడితో శుభం కార్డు. నా గొడవ ఏమిటంటే, అసలు కథ అక్కడినుంచే కదా! విజయరామరాజు తరవాత వచ్చిన ఆనందగజపతి ఫ్రెంచివాణ్ణి వదిలేసి ఇంగ్లీషువాణ్ణి పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాడు ఓడిపోయాడు. పిలిచినవాడికి మేలు జరిగిందా? 1794 జూలై 10న పద్మనాభం దగ్గర అదే విజయనగరం ఇంటి చిన్న విజయరామరాజుని అదే కుంఫిణీ సిపాయిలు కాల్చి చంపారు. ఏమిటి గొడవ? మళ్ళీ పేష్కషు బాకీ, అంటే కట్టాల్సిన కప్పం. అటు బొబ్బిలి వంశం సంగతి చూస్తే, 1932లో బొబ్బిలి రాజావారు దొరల ఏలుబడిలోనే మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి అయ్యారు. ఇంత నాటకం ఉంటే మనవాళ్ళు పాపారాయుడి బాకుతో తెర దించేస్తారు.

అల్లూరి సీతారామరాజు సంగతికి వద్దాం. 1974లో కృష్ణ తన నూరో సినిమాగా తీశాడు. తెలుగులో మొదటి సినిమాస్కోపు అది. తెర అంత వెడల్పు చూసి మా ఊరివాళ్ళు ముందు వరసలోంచి లేచి వెనక్కి పోయారు. శ్రీశ్రీ రాసిన పాటకి జాతీయ బహుమతి వచ్చింది. అవన్నీ అలా ఉంచండి. అందులో రూథర్‌ఫర్డ్ అని అల్లూరిని అణచడానికి వచ్చిన దొర వేషం జగ్గయ్యది. అరుపు లేదు, కొరడా లేదు. ఎదుటివాడు గొప్పవాడని తెలుసు, అయినా తన పని తాను చేసుకుపోతాడు. ఆయన్ని చూస్తే నాకు నిజంగా భయమేసింది. కొరడా దొరకి చెయ్యి నొప్పెడుతుంది, ఫైలు దొరకి అలుపుండదు. మన్యంలో జరిగిందీ అదే. 1882 అడవి చట్టం వచ్చి పోడు మీద పడింది. గూడెం డిప్యూటీ తాశిల్దారు బాస్టియన్ ఘాటు రోడ్డుకి జనాన్ని తోలి కూలి సరిగ్గా ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి తుపాకులు పట్టుకెళ్ళారంటే, దాని వెనక ఇన్నేళ్ళ కాగితం ఉంది.

2022లో వచ్చిన ఆర్.ఆర్.ఆర్. కూడా చూశాను. పిల్లలు తీసుకెళ్ళారు. పులి దూకినప్పుడు పక్క సీటాయన చెయ్యి పట్టుకున్నాను, అబద్ధమెందుకు! నాటు పాటకి ఆస్కారొస్తే స్వీట్లు కూడా పంచాను. అది కల్పన అని వాళ్ళే ముందు చెప్పుకున్నారు, సరే. కానీ అందులో హీరోగా చూపించిన కొమరం భీం నిజంగా పోరాడింది నిజాం సర్కారుతో. జోడేఘాట్ కొండల్లో 1940లో ప్రాణం వదిలాడు. ఆయన్ని తీసుకెళ్ళి 1920 ఢిల్లీలో గవర్నరు బంగళా ముందు నిలబెట్టారు. ఎందుకంటే నిజాం పేరెత్తితే మనవాళ్ళ అటవీ ఉద్యోగులూ జాగీర్దార్లూ అందరూ తెర మీదికి రావాలి. తెల్లవాడైతే ఏ బాధా లేదు, వాడి తరఫున మాట్లాడేవాడెవడూ హాల్లో లేడు. ఆ సినిమాలో నాకు నచ్చింది ఒక్కటే. మొదట్లోనే ఆ గవర్నరు తూటా ఖరీదు లెక్క కట్టి, ఇంత ఖర్చు పెట్టి చేసిన తూటా వీళ్ళ మీద వృథా చెయ్యొద్దంటాడు. అది చెప్పినవాడికి కుంఫిణీ నాడి తెలుసు. ఆ దారినే ఇంకో నాలుగు అడుగులు వేసి ఉంటే మా జముకులాయన సరసన కూర్చోబెట్టేవాణ్ణి. వెంటనే డ్యాన్సులు మొదలయ్యాయి.

దండెత్తి వచ్చినవాడు మనవాడే అయితే? అక్కడ పాత సినిమాలూ తక్కువ తినలేదు. కృష్ణదేవరాయలు గజపతి మీదికి వచ్చి 1516 నాటికి సింహాచలం చేరాడు. పొట్నూరులో జయస్తంభం వేశాడు. పెద్దనగారు పొగిడారు, రాయలవారే కళింగం దండయాత్ర నడుమ కావ్యం తలపెట్టినట్టు చెప్పుకున్నారు. 1962లో మహామంత్రి తిమ్మరుసు వచ్చింది. ఎన్టీ రామారావు రాయలు, గుమ్మడి తిమ్మరుసు. గొప్ప సినిమా. అందులో గజపతి వైపువాళ్ళు కుట్రదారులు. గజపతి ఏలిన ఊళ్ళో కూర్చుని, గజపతి ఓడిపోతుంటే మేమంతా చప్పట్లు కొట్టాం. దండు మా కొబ్బరితోటల మీంచి పోయినప్పుడు ఎవరి గాదె ఖాళీ అయిందో అడగాలని మాలో ఒక్కడికీ తోచలేదు.

ఇంకా పాతది చెప్పమంటారా? బరంపురం దాటి పురుషోత్తంపురం పక్కన జౌగడలో అశోకుడి శాసనం ఉంది. కళింగంలో లక్షమంది చచ్చారు, లక్షన్నర మందిని చెరపట్టారు, నాకు బాధగా ఉంది అని ఆయన వేయించిన పదమూడో శాసనం పిల్లలందరూ బడిలో చదువుతారు. అది జౌగడలో లేదు. కళింగంలోనే ఉన్న ధౌలిలోనూ లేదు. కర్నూలు వైపు ఎర్రగుడిలో ఉంది! దెబ్బ తిన్నవాడి ఊళ్ళో మాత్రం అధికార్లకి ఇచ్చిన ఉత్తర్వులు చెక్కించాడు. ప్రజల్ని బిడ్డల్లా చూడండి, జాగ్రత్తగా ఉండండి అని. రాతిమీద రాసినవాడే ఎక్కడ ఏం చెప్పాలో ఇంత చూసుకున్నాడంటే, వందల కోట్లు పెట్టి తీసేవాడు చూసుకోడా? 2001లో హిందీవాళ్ళు అశోక తీశారు. అందులో పాటలు తప్ప నాకేం గుర్తు లేదు.

మా వైపు అసలు యుద్ధం అంటే రంగం, అదే రంగూను. ఉద్దానంలో ప్రతి ఇంట్లోనూ రంగం వెళ్ళినవాడు ఒకడుండేవాడు. మేస్త్రి ఊరికొచ్చి అడ్వాన్సు ఇచ్చి, ఓడ ఎక్కించి, రంగూను రేవులో మూటలు మోయించేవాడు. ఆ మేస్త్రీ మనవాడే, గమనించండి. 1930 మే నెలలో రేవు కూలీల గొడవల్లో అక్కడ తెలుగువాళ్ళు వందల్లో చచ్చారు. 1941 డిసెంబరు 23న జపానువాడు రంగూను మీద బాంబులు వేశాడు. ఓడలు దొరికినవాళ్ళు ఓడల్లో, దొరకనివాళ్ళు అడవులూ కొండలూ పడి కాలినడకన వచ్చారు. మా పెదనాన్న అలా వచ్చినవాడే. తోవలో ఎవరెవర్ని వదిలేసి వచ్చారో ఎప్పుడూ చెప్పలేదు గానీ, అన్నం ముందు కూర్చుంటే మెతుకు కింద పడనిచ్చేవాడు కాదు. ఆ నడక మీద తెలుగులో సినిమా నేను చూడలేదు. తెలుగు సినిమాకి తెలిసిన రంగూను ఒక్కటే, రంగూన్ రౌడీ. మొదట నాటకం, 1979లో సినిమా.

గున్నమ్మ సంగతీ అంతే. మందస జమీలో అడవి కట్టెల మీద ఆంక్షలు పెట్టారు. గుడారి రాజమణిపురం రైతులు ఎదురు తిరిగారు. 1940 ఏప్రిల్‌లో పోలీసు కాల్పుల్లో గున్నమ్మ పోయింది, కడుపుతో ఉన్న మనిషి. చట్టం దొరది, తుపాకీ దొరది, అడవి మాత్రం జమీందారుది. అందుకే తీయరు. "హీరో ఎవరు తాతా అందులో?" అని మనవడు అడిగాడు. పుల్లలు ఏరుకోడానికి వెళ్ళిన ఆవిడేరా అన్నాను. వాడు ఫోను చూసుకుంటూ, "బడ్జెట్ రాదు" అన్నాడు.

ఎందుకు రాదు? ఏనుగులక్కర్లేదు, గ్రాఫిక్సు పులి అక్కర్లేదు, జర్మనీ నుంచి ఫైటు మాస్టరు అక్కర్లేదు. ఇచ్ఛాపురంలో రైలు దిగితే మందస పక్కనే. తిత్లీ తుపాను తరవాత నా తోటలో ఇంకా నాలుగు చెట్లు నిలబడే ఉన్నాయి. యూనిట్ మొత్తానికి బొండాలు నావి. కానీ ఒక్క షరతు, జమీందారు వేషం వేసేవాడికి తెల్ల రంగు పుయ్యకూడదు.