ఇచ్చట సామర్థ్యము పెంచబడును

హైదరాబాద్‌లో ఏ దిక్కుకు పోయినా మన సామర్థ్యం పెంచడానికి ఎవరో ఒకరు కాచుకుని కూర్చుంటారు. రాజేంద్రనగర్‌లో 1976 నుంచి నార్మ్ ఉంది. వ్యవసాయ శాస్త్రవేత్తలకు శాస్త్రవేత్తల్లా ఎలా మెలగాలో నేర్పుతుంది. దాని పొరుగునే 1987 నుంచి మేనేజ్ ఉంది. ఆ శాస్త్రాన్ని రైతుకు ఎలా చెప్పాలో అధికారులకు నేర్పుతుంది. వరి పరిశోధన సంస్థ, వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా అక్కడే. మెట్ట సేద్యానికి క్రిడా, పటాన్‌చెరులో 1972 నుంచి అంతర్జాతీయ స్థాయి ఇక్రిశాట్. ఒక్క నగరం చుట్టూ ఇంత విజ్ఞానం మోహరించి ఉంటే, గంట ప్రయాణం దూరంలో పత్తి రైతు మాత్రం తెగులు పట్టిన ఆకు చేతిలో పట్టుకుని ఎరువుల కొట్టు ముందు నిలబడి ఉంటాడు.

ఈ మాట నేను పుట్టించింది కాదు. 2003లో జాతీయ శాంపిల్ సర్వే వాళ్లు దేశమంతా తిరిగి, కొత్త సేద్యపు సంగతులు మీకెవరు చెబుతున్నారని రైతు కుటుంబాలను అడిగారు. నూటికి అరవై ఇళ్లు ఎవరూ చెప్పలేదన్నాయి. చెప్పినవాళ్లలో మొదటి స్థానం అభ్యుదయ రైతుది, 16.7 శాతం. రెండోది విత్తనాలూ ఎరువులూ అమ్మే కొట్టాయనది, 13.1 శాతం. ప్రభుత్వ విస్తరణ ఉద్యోగికి 5.7 దక్కింది. ఇక 1974లో పుదుచ్చేరిలో మొదలై దేశమంతా పాకిన కృషి విజ్ఞాన కేంద్రాల వాటా 0.7 శాతం. ఇంతకన్నా తక్కువ తెచ్చుకోవాలంటే ప్రత్యేకంగా శిక్షణ పొందాలి.

అదే 2003లో మేనేజ్ ఒక కోర్సు మొదలుపెట్టింది. ‘దేశీ’ అని ముద్దుపేరు. ఎరువులూ పురుగుమందులూ అమ్మే కొట్టాయనకు ఏడాది డిప్లొమా, కొట్టుకు సెలవున్న రోజున తరగతి. నవ్వేముందు ఒకటి ఒప్పుకోవాలి, ఇది తెలివైన పనే. రాత్రి ఎనిమిదింటికి రైతుకు తెరిచి కనిపించేది ఆ షట్టరొక్కటే. సరుకు అప్పుగా ఇచ్చేదీ ఆయనే, పంట చేతికి రాగానే వాకిట్లో వాలేదీ ఆయనే. అయినా ఊళ్లో ఆస్పత్రిని ఖాళీగా ఉంచి మందుల షాపాయన మెడలో స్టెతస్కోపు వేస్తే, రోగం కనిపెట్టేదీ సీసా అమ్మేదీ ఒకటే చెయ్యి అవుతుంది. అప్పుడు రోగాలు తగ్గుతాయని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేదు.

ఇక అసలు శిక్షణల సంగతి. ఫిబ్రవరి దాటిందంటే ఈ దేశంలో అజ్ఞానం ఒక్కసారిగా పెరిగిపోతుంది. మార్చి 31లోపు ఖర్చుపెట్టకపోతే నిధులు మురిగిపోతాయి గనక, అజ్ఞానులను త్వరగా వెతికి పట్టుకోవాలి. మండలాలకు ఫోన్లు వెళతాయి, ‘ఇద్దరిని పంపండి, ఎవరైనా పర్లేదు’ అని. పొలంలో పనున్నవాళ్లు రాలేరు. ఆఫీసులో ఎవరికీ అక్కర్లేనివాళ్లు వస్తారు. వాళ్లలో కొందరికి ఇది నాలుగో సామర్థ్యం.

ఉదయం రిజిస్ట్రేషన్. సంస్థ బొమ్మ అచ్చేసిన జనపనార సంచి, అందులో ప్యాడు, పెన్ను, మూడు రోజుల టైంటేబుల్. జ్యోతి ప్రజ్వలన చేద్దామంటే వత్తి అంటుకోదు, ఫ్యాను ఆపమని నలుగురు అరుస్తారు. పెద్దసారు వ్యవసాయం దేశానికి వెన్నెముక అని గుర్తుచేసి ఇంకో మీటింగుకు వెళ్లిపోతారు. తర్వాత ఒక పరీక్ష పెడతారు. ఆఖరి రోజు అవే ప్రశ్నలతో మళ్లీ పరీక్ష. రెండోసారి మార్కులు తప్పకుండా పెరుగుతాయి, మధ్యలో జవాబులు చెప్పింది పరీక్ష పెట్టినవాళ్లే కదా! ఆ తేడాయే నివేదికలో సామర్థ్యం కింద జమ. మధ్యాహ్నం కొర్రల బిర్యానీ ఉంటుంది. 2023 చిరుధాన్యాల సంవత్సరం పుణ్యమా అని అది తప్పనిసరైంది. పక్కనున్న తెల్లన్నం గిన్నె ముందు ఖాళీ అవుతుంది.

మూడో రోజు క్షేత్ర సందర్శన. ఏ బ్యాచ్ వచ్చినా బస్సు ఆగేది ఒకే రైతు గట్టు మీద. ఏ రాష్ట్రంవాళ్లొస్తే ఏం చెప్పాలో, ఏ దేశంవాళ్లొస్తే ఎక్కడ ఆగి నిట్టూర్చాలో ఆయనకు కంఠతా వచ్చు. ఈ మొత్తం తతంగంలో నైపుణ్యం నిజంగా పెరిగిన మనిషి ఆయనొక్కడే. ఆయనకు సర్టిఫికెట్ లేదు.

సర్టిఫికెట్ అందుకున్న ఏఈఓ, అంటే వ్యవసాయ విస్తరణ అధికారి, మండలానికి తిరిగొస్తుంది. తెలంగాణలో అయిదు వేల ఎకరాలకు ఒక ఏఈఓ అని లెక్క. ఏ సర్వే నంబర్లో ఏ పంట ఉందో ఆమే ఎక్కించాలి. చనిపోయిన రైతు ఇంటికి వెళ్లి బీమా కాగితాలు ఆమే రాయించాలి. కొనుగోలు కేంద్రం, యూరియా వరుస, అక్కడ జరిగే తిట్లూ ఆమెవే. మధ్యలో ప్రతిదానికీ ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. 2024లో డిజిటల్ క్రాప్ సర్వే భారం మోయలేమని ఏఈఓలు ఆందోళనకు దిగితే, జవాబుగా వచ్చినవి సస్పెన్షన్లు. మూడు రోజులు నేర్చుకున్న సమగ్ర సస్యరక్షణ జనపనార సంచిలో భద్రంగా ఉంది. ఆ సంచితో ఆమె ఇప్పుడు కూరగాయలు తెస్తోంది. అంతమేరకు ఆ నిధులు సద్వినియోగమే.

మనుషులను తయారుచెయ్యడం నిదానంగా జరిగే పని. గదులు కట్టడం తేలిక. తెలంగాణలో 2,601 రైతు వేదికలు లేచాయి. ఆంధ్రలో 2020 నుంచి 10,778 రైతు భరోసా కేంద్రాలు వెలిశాయి. 2024లో సర్కారు మారాక అవే రైతు సేవా కేంద్రాలయ్యాయి. అయిదేళ్లకోసారి క్రమం తప్పకుండా రిఫ్రెషర్ కోర్సు దొరుకుతున్నది బోర్డులు రాసే పెయింటర్లకే. అంతకుముందు ఆదర్శ రైతులుండేవారు, నెలకు వెయ్యి రూపాయల గౌరవ వేతనంతో. ఎవరు ఆదర్శమో ఏ జెండా నిర్ణయించిందో ఊళ్లో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. 2014లో వాళ్లూ పోయారు. పాతది పనిచేసిందా లేదా అని చూసి మార్చిన సర్కారును నేనింతవరకు చూడలేదు.

పరిశోధన మాటకొస్తే, ఔరేపల్లి కథ చెప్పుకోవాలి. ఇక్రిశాట్ 1975లో నాటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, డోకూరులతోపాటు మహారాష్ట్రలోని నాలుగు ఊళ్లలో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. అవే కుటుంబాలను మళ్లీ మళ్లీ అడగడం. ఎంత పండింది, ఎవరికెంత బాకీ, ఇంటావిడ ఎన్ని రోజులు కూలికెళ్లింది. లెక్క రాసే మనిషి ఊళ్లోనే కాపురముండేవాడు. పేదవాడు కరువును ఎలా తట్టుకుంటాడో తేల్చడానికి ఆర్థికశాస్త్రజ్ఞులు దశాబ్దాలపాటు ఆ పుస్తకాల మీదే వాలారు. 1994లో రాబర్ట్ టౌన్‌సెండ్ రాసిన పేరుమోసిన వ్యాసానికి ముడిసరుకు ఇచ్చిన మూడు ఊళ్లలో ఔరేపల్లి ఒకటి. సామర్థ్యం పెంచడమంటే అదీ! ఔరేపల్లి రైతులు అమెరికా ప్రొఫెసర్ల సామర్థ్యం పెంచారు. వాళ్లను రిసోర్స్ పర్సన్లని పిలిచినట్టు నేనెక్కడా చదవలేదు. వెటకారం పక్కనపెట్టి చెబుతున్నా, ఊళ్లో ఇల్లు తీసుకుని ఏడాదంతా ఉండటం కన్నా మంచి శిక్షణను ఇప్పటిదాకా ఎవరూ కనిపెట్టలేదు. కాకపోతే దానికి ప్రారంభోత్సవం ఉండదు, గ్రూపు ఫొటో ఉండదు.

వరి వంగడాలదీ ఇదే నిదానపు కథ. మార్టేరు కేంద్రం నుంచి 1982లో స్వర్ణ వచ్చింది, బాపట్ల నుంచి 1986లో సాంబమసూరి. మొదటిది ఒడిశా, బెంగాల్ దాటి బంగ్లాదేశ్ దాకా నడిచింది. రెండోదాని అన్నం ఇవాళ మధ్యాహ్నం మీ కంచంలో పడే ఉంటుంది. సాంబమసూరికి బ్యాక్టీరియా ఎండాకు తెగులు పెద్ద శత్రువైతే, సీసీఎంబీ వాళ్లూ వరి పరిశోధన సంస్థ వాళ్లూ ఏళ్లతరబడి కలిసి కూర్చుని, మూడు నిరోధక జన్యువులు చేర్చి 2008లో కొత్త సాంబను ఇచ్చారు. ల్యాబులో పనిచేసేవాళ్లు మడిని, మడిలో దిగేవాళ్లు ల్యాబును నేర్చుకున్నది ఆ పనిలో. వంగడానికి దాదాపు పదేళ్లు పడుతుంది. మన ప్రాజెక్టుకేమో మూడేళ్లు. మొదటి ఏడాది ఒప్పందాల మీద సంతకాలకు, చివరి ఏడాది పొడిగింపు కోసం తిరగడానికి సరిపోతుంది. మిగిలిన ఆ ఒక్క ఏడాదిలో శాస్త్రవేత్తకు బదిలీ అవుతుంది.

వంగడాలు తీసిన పెద్దాయన రిటైరయ్యాక ఆ కుర్చీ ఖాళీ. పక్క గదిలో డాక్టరేట్ ఉన్న కుర్రాడు పార్ట్‌టైం జీతానికి పాఠాలు చెబుతూ నోటిఫికేషన్ కోసం చూస్తుంటాడు. అతనికి సామర్థ్యం ఎప్పుడో వచ్చింది, లేనిది పోస్టు. వ్యవసాయం నుంచి దేశానికి వచ్చే సంపదలో ఒక్క శాతం కూడా దాని పరిశోధనకు పెట్టని మనం, ఆ కుర్రాడికి మాత్రం నైపుణ్యాలు చాలవని వర్క్‌షాపుకు పిలుస్తాం. లెక్క సులువే. పోస్టు నింపితే ముప్ఫై ఏళ్లు జీతమివ్వాలి, శిక్షణైతే మూడు రోజులు భోజనం పెడితే చాలు.

ఈ తెలివి మనకొక్కరికే ఉందని గర్వపడక్కర్లేదు. పేద దేశాల వ్యవసాయ పరిశోధనా వ్యవస్థలను బలపరచడానికని అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధనా కేంద్రాల కూటమి సీజీఐఏఆర్ పెద్దలు 1979లో ప్రత్యేకంగా ఇస్నార్ అనే సంస్థను పుట్టించారు. పెట్టింది నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో, పేద దేశాలకు ఎంత దగ్గరో! 2004లో దాన్ని మూసేశారు. ఊరందరి సామర్థ్యం పెంచిన సంస్థకు తన తలుపులు తెరిచి ఉంచుకునే సామర్థ్యం చాలలేదు.

శిక్షణలు ఆపమని నేననను. ఇన్ని జనపనార సంచులు కుట్టేవాళ్ల పొట్ట కొట్టడం పాపం. పిలిచే జాబితా మాత్రం మార్చండి. వచ్చే ఏడాది నిధులు మురిగిపోకముందే, ఖాళీల ఫైలు మీద ‘మళ్లీ చర్చించండి’ అని రాసి తిప్పిపంపే ఆర్థిక శాఖ అధికారిని, మూడేళ్లలో రైతు బతుకు మారాలని షరతు పెట్టే దాతల ప్రతినిధిని, శాస్త్రవేత్తలను కుర్చీలాటలా తిప్పే పెద్దలను పిలిచి, జూన్ నుంచి నవంబరు దాకా ఒక ఖరీఫ్ మొత్తం ఊళ్లో ఉంచండి. యూరియా వరుసలో చెప్పులు పెట్టి నిలబడనివ్వండి. గులాబీ రంగు పురుగు పట్టిన కాయ పట్టుకుని ఆ ఏఈఓ కోసం ఊరంతా వెతకనివ్వండి. ముందూ వెనకా పరీక్ష పెట్టండి, టీఏ డీఏలు వద్దు. ఫీడ్‌బ్యాక్ ఫారం మాత్రం ఊరివాళ్ల చేత నింపించండి.