పిస్టన్ లేని విజేత: మాజ్డా 787బి ఆత్మకథ

మాజ్డా 787బి తన గురించి చెప్పుకోవాలంటే మొదట చెప్పేది తన ఇంజిన్ సంగతే. అందులో పిస్టన్ లేదు, కనెక్టింగ్ రాడ్ లేదు, వాల్వులు లేవు. ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల పందెం 1923లో మొదలైంది. అప్పటి నుంచి పిస్టన్ ఇంజిన్ లేకుండా దాన్ని గెలిచిన కారు ఇదొక్కటే. 1991 జూన్ 22, 23 తేదీల్లో 55వ నంబరు వేసుకుని, నారింజ, ఆకుపచ్చ రంగుల్లో పరుగెత్తింది. ముగ్గురు డ్రైవర్లు, ఎందరో మెకానిక్కుల చేతుల్లో నడిచిన బతుకు కనుక ఈ ఆత్మకథలో ‘నేను’ అన్న మాట వినిపించదు. కారు తనను తాను ‘ఈ కారు’ అనే చెప్పుకుంటుంది.

దీని వంశం జర్మనీలో మొదలై హిరోషిమాలో స్థిరపడింది. రోటరీ ఇంజిన్ ఊహ ఫెలిక్స్ వాంకెల్‌ది. ఎన్ఎస్‌యూ సంస్థతో కుదిరిన ఒప్పందం వల్ల 1961లో ఆ విద్య మాజ్డాకు అందింది. వేరుశెనగ కాయలా నడుము దగ్గర కాస్త నొక్కుకున్న గదిలో మూడు మూలల రోటర్ తిరుగుతుంది. దాని మూడు ముఖాలకూ, గది గోడకూ మధ్య ఉండే ఖాళీ తిరుగుతున్నంతసేపూ పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. గాలినీ ఇంధనాన్నీ పీల్చడం, నొక్కడం, మండించడం, పొగను వదలడం అన్నీ ఆ ఖాళీల్లోనే జరిగిపోతాయి. రోటర్ ఒక చుట్టు తిరిగేసరికి బయటి షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. పైకీ కిందికీ కొట్టుకునే భాగం ఒక్కటీ లేదు కాబట్టి వణుకు తక్కువ.

చిక్కంతా మూలల దగ్గరే. ఆ మూడు చివర్లకూ ఉండే సీళ్లు గోడను వదలకుండా ఒరుసుకుంటూ పోవాలి. కాస్త సందు దొరికినా మంట పక్క ఖాళీలోకి దూరుతుంది. తొలినాటి ఇంజిన్లలో ఈ సీళ్లు అదిరిపోయి గోడ మీద వరుసగా గీతలు పెట్టేవి. ఇంజినీర్లు వాటికి ‘దయ్యం గోళ్ల గీతలు’ అని పేరు పెట్టారు. యమమోతో కెనిచి నాయకత్వంలో 47 మంది ఇంజినీర్లు ఏళ్ల తరబడి ఆ గీతలతో కుస్తీ పట్టారు. కార్బన్ కలిపి చేసిన సీళ్లు కుదిరాక గానీ 1967లో కాస్మో స్పోర్ట్ కారు అమ్మకానికి రాలేదు. ఆ పట్టుదలే లేకపోతే తను పుట్టేదే కాదని ఈ కారుకు బాగా తెలుసు.

లె మాన్‌లో మాజ్డా రోటరీ మొదట వినిపించింది 1970లో. ఒక బెల్జియం జట్టు దాన్ని షెవ్రాన్ కారులో బిగించి తెచ్చింది. ఆ తర్వాత మాజ్డా రోటరీ కార్లు అక్కడికి వస్తూ పోతూ ఉన్నాయి. మూడు రోటర్లతో 757, నాలుగు రోటర్లతో 767 వచ్చాయి. 1990లో ఈ కారుకు తోబుట్టువు లాంటి 787లు రెండు పందెంలో దిగాయి. రెండూ చివరిదాకా నిలవలేదు.

ఆ ఓటమి తర్వాతి ఏడాదికి తయారైనదే 787బి. బాడీ గీసినవాడు బ్రిటన్ డిజైనర్ నైజెల్ స్ట్రౌడ్. లోపలి ఇంజిన్ పేరు ఆర్26బి. ఒక్కొక్కటి 654 సీసీ చొప్పున నాలుగు రోటర్లు, మొత్తం 2.6 లీటర్లు. నిమిషానికి 9,000 చుట్ల దగ్గర 700 హార్స్‌పవర్ దాకా ఇస్తుంది. అంతకన్నా ఎక్కువ పిండుకునే సత్తా దానికుంది. 24 గంటలు బతకాలి కాబట్టి అక్కడితో ఆపారు. ఒక్కో రోటర్‌కు మూడేసి స్పార్క్ ప్లగ్గులు పెట్టారు. రోటరీలో మంట అంటుకునే చోటు పొడవుగా, సన్నగా ఉంటుంది. ఒక మూల వెలిగించిన నిప్పు అవతలి మూలకు చేరేలోపే కొంత ఇంధనం కాలకుండా పొగలో పోతుంది. మూడో ప్లగ్గు ఆ నష్టాన్ని తగ్గించింది. మూలల సీళ్లు ఇప్పుడు సిరామిక్‌వి.

అన్నిటికన్నా తెలివైన పని గాలి గొట్టాల్లో జరిగింది. నాలుగు రోటర్లకూ గాలినిచ్చే గొట్టాలు ఒకదానిలోకి ఒకటి జారుతూ పొడవు మార్చుకుంటాయి. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పొడవుగా సాగుతాయి, వేగం పెరిగేకొద్దీ కురచవుతాయి. దానివల్ల ఏ వేగంలోనైనా లాగే బలం సమంగా అందుతుంది. మలుపు దాటగానే ఇంజిన్‌ను ఊరికే అరిపించాల్సిన పని డ్రైవర్‌కు ఉండదు. ఈ కారు అనగానే లోకానికి గుర్తొచ్చేది చెవులు చిల్లులు పడే దాని కేక. కారు మాత్రం తన గెలుపును ఆ కేక ఖాతాలో వేయదు, ఆ గొట్టాల పొదుపు ఖాతాలో వేస్తుంది.

పొదుపు ఎందుకంటే ఈ కారు పోటీపడిన గ్రూప్ సి తరగతి నిబంధనల ప్రకారం 24 గంటలకు ఒక్కో కారుకు 2,550 లీటర్ల ఇంధనమే ఇచ్చేవారు. అది అయిపోతే ఎంత బలమున్న ఇంజిన్ అయినా పక్కన నిలబడాల్సిందే. బరువు విషయంలో మాజ్డాకు పెద్ద వెసులుబాటు దొరికింది. జాగ్వార్, మెర్సిడెస్ కార్లు కనీసం 1,000 కిలోలు ఉండాలన్నారు. జట్టు అధిపతి ఓహాషి తకయోషి గట్టిగా వాదించి దీనికి 830 కిలోలు ఖరారు చేయించుకున్నాడు. ఎన్నేళ్లుగా వస్తున్నా గెలవని జట్టు కదా అని ఎవరూ పెద్దగా అడ్డు చెప్పలేదు. తేలికైన కారు తక్కువ తాగుతుంది, టైర్లను తక్కువ అరగదీస్తుంది, బ్రేకుల మీద తక్కువ భారం వేస్తుంది. ఈ మూడూ గంటగంటకూ లాభం తెచ్చిపెట్టాయి.

ప్రాక్టీసులో దీని వేగం పన్నెండోది. ముందు వరుసలు కొత్త 3.5 లీటర్ల కార్లకు కేటాయించడంతో బయలుదేరింది 19వ స్థానం నుంచి. స్టీరింగ్ పట్టింది ఫోల్కర్ వైడ్లర్, జానీ హెర్బర్ట్, బెర్ట్రాండ్ గాషో. హెర్బర్ట్ పాదాలు రెండూ 1988లో బ్రాండ్స్ హ్యాచ్ ప్రమాదంలో నుజ్జయ్యాయి. ఆ పాదాలతోనే ఇక్కడ పెడళ్లు తొక్కాడు. ముందు ఉరికిన పెజో కార్లు తొందరగానే ఆగిపోయాయి. మెర్సిడెస్ సి11 రాత్రంతా ముందుండి ఆదివారం మధ్యాహ్నం, పందెం ఇంకో మూడు గంటలుందనగా, వేడెక్కి నిలిచిపోయింది. 7.4 లీటర్ల జాగ్వార్లు వెంటపడి ఉండేవే, కానీ వాటి బరువుకు, వాటి దాహానికి మిగిలిన ఇంధనం చాలలేదు. ఈ కారు మాత్రం రాత్రి పగలు తేడా లేకుండా ఒకే తీరుగా తిరిగింది. మొత్తం 362 ల్యాపులు, దాదాపు 4,923 కిలోమీటర్లు. రెండో స్థానంలోని జాగ్వార్ రెండు ల్యాపులు వెనకబడింది.

పందెం చివర్లో డ్రైవర్‌ను మార్చే ప్రమాదం వద్దనుకుని హెర్బర్ట్‌నే లోపల ఉంచారు. గీత దాటి కారు దిగేసరికి ఒంట్లో నీరంతా ఇంకిపోయి కుప్పకూలాడు. వైద్యుల దగ్గరికి తీసుకెళ్లడంతో విజయ వేదిక మీద మిగిలిన ఇద్దరే నిలబడ్డారు. ఇరవై ఏళ్లకు, 2011లో, ఇదే కారును మరమ్మతు చేసి లె మాన్‌కు తెచ్చినప్పుడు హెర్బర్ట్ దాన్ని నడిపి, ఆ వేదిక ఎక్కాడు. ఈ కారు జీవితంలో ఇంతకన్నా తీపి రోజు మరొకటి లేదు.

జపాన్ కంపెనీకి లె మాన్‌లో అదే తొలి గెలుపు. మళ్లీ ఓ జపాన్ కంపెనీ గెలవడానికి 2018లో టొయోటా దాకా ఆగాల్సి వచ్చింది. గెలిచిందన్న కక్షతోనే రోటరీని నిషేధించారన్న మాట మాత్రం వీడియో గేమ్ ఆడేవాళ్లలో బాగా పాతుకుపోయింది. అది నిజం కాదు. పోటీని 3.5 లీటర్ల పిస్టన్ ఇంజిన్లకు పరిమితం చేయాలన్న నిర్ణయం ఈ గెలుపుకు ముందే జరిగింది. 1991లో ముందు వరుసలు ఆ కార్లకు వదలడమే అందుకు సాక్ష్యం. మరుసటి ఏడాది మాజ్డా సాధారణ వీ10 ఇంజిన్ ఉన్న ఎంఎక్స్ఆర్-01తో వచ్చి నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. గెలిచిన కారు హిరోషిమాలోని కంపెనీ మ్యూజియానికి చేరింది.

అక్కడితో ఆగిపోవాల్సిన పేరు ఇంటింటికీ చేరడానికి కారణం ప్లేస్టేషన్. యమౌచి కజునోరి బృందం తయారు చేసిన కార్ల పందెం గేమ్ గ్రాన్ టురిస్మో 4 జపాన్‌లో 2004 డిసెంబరులో విడుదలైంది. అందులో ఈ కారూ ఉంది, లె మాన్ ట్రాకూ ఉంది, 24 గంటల పందెం కూడా నిజంగా 24 గంటలే ఉంది. ట్రాకు రెండు రూపాల్లో దొరికేది, పొడవాటి తిన్నని దారిలో వేగం తగ్గించడానికి 1990లో కట్టిన రెండు వంకర మలుపులతో, అంటే చికేన్లతో ఒకటి, అవి లేకుండా మరొకటి. ఈ కారు నిజంగా పరుగెత్తింది చికేన్లున్న దారి మీదే. చికేన్లు లేని రూపంలో దాన్ని గరిష్ఠ వేగంతో ఉరికించే సరదా గేమ్ ఇచ్చిన వరం. ఫోర్జా అనే మరో గేమ్ సిరీస్‌లోనూ దీనికి చోటు దొరికింది.

తర్వాతి గ్రాన్ టురిస్మోల్లో దీన్ని గ్రూప్ 1 అనే తరగతిలో చేర్చారు. అంటే పాతికేళ్లు చిన్నవైన టొయోటా, పోర్ష హైబ్రిడ్ కార్లతో పోటీ. మలుపు దాటగానే బ్యాటరీ బలంతో దూకే వాటితో కుదురైన పోటీ కాదది. అయినా సుదీర్ఘ పందేల్లో దీన్ని నమ్ముకునేవాళ్లు ఉన్నారు. ఆ గేముల్లో డ్రైవర్ ఎదుటి తెరమీదే ఇంధన మిశ్రమాన్ని పలచన చేసుకునే మీట ఉంటుంది. మలుపుకు కాస్త ముందే యాక్సిలరేటర్ వదిలి, గేరు తొందరగా మార్చి, మిశ్రమాన్ని పలచన చేసుకున్నవాడికి ఒక పిట్ స్టాప్ మిగులుతుంది. ఆర్26బి కేక కోసం 787బిని ఎంచుకున్న కుర్రాడు మూడో గంటకు ఆ మీట మీద వేలు పెడతాడు.